అనంతగిరి ఎక్కే రోజు

విశాఖపట్నం నుంచి అరకు లోయకు మూడు నాలుగు రోజుల సైకిల్ యాత్ర పెట్టుకున్న బృందానికి అసలు పరీక్ష రెండో రోజున ఎదురవుతుంది. మొదటి రోజు పెందుర్తి, కొత్తవలస మీదుగా శృంగవరపుకోట దాకా సుమారు 50 కిలోమీటర్లు, దాదాపు చదునైన దారి. ఉత్తరాంధ్ర అంతా ఎస్.కోట అనే ఆ ఊరు దాటాక అరకు ఇంకో 65 కిలోమీటర్లు. దూరం చూస్తే పెద్దదేం కాదు, బస్సు రెండు గంటల్లో కానిచ్చేస్తుంది. సైకిల్‌కు మాత్రం పొద్దున్నుంచి సాయంత్రం దాకా పడుతుంది.

శీతాకాలంలో బృందాలు చీకటి ఉండగానే బయల్దేరతాయి. బ్యాగులన్నీ వెనక వచ్చే వ్యానులో పడేస్తారు. సైకిల్ మీద రెండు నీళ్ల సీసాలు, ఒక ట్యూబు, గాలి పంపు, జేబులో వేరుశనగ చిక్కీ ఉంటే చాలు. బొడ్డవర దాకా పొలాలు, తాటిచెట్లు, మధ్య మధ్య రైలు కట్ట కనిపిస్తుంటాయి. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చడానికి 1960లలో వేసిన కొత్తవలస–కిరండూల్ లైను అది. రైలుకైతే కొండను తొలిచి సొరంగాలు వేశారు. రోడ్డు కొండను చుట్టుకుంటూ పైకి పోవాల్సిందే.

వాగును ఇక్కడ గెడ్డ అంటారు. చిలకలగెడ్డ దాటేసరికి ఎండ తగ్గి చెట్లు దగ్గరవుతాయి. ఊళ్ల పేర్లూ మారతాయి. కింద పాలెం, వలస అని ముగిసేవి పైకి వెళ్లేకొద్దీ గుడ, పుట్టు అవుతాయి. బస్సులో నిద్రపోయేవాళ్లకు ఈ మార్పు తెలియదు. గంటకు ఎనిమిది కిలోమీటర్ల వేగంతో ఎక్కేవాడు మాత్రం ప్రతి బోర్డూ చదువుతాడు, చదవక ఏం చేస్తాడు!

టైడా దగ్గరికి వచ్చేసరికి బృందం విడిపోతుంది. ఘాట్‌లో కలిసి తొక్కడం కుదరదు, ఎవరి ఊపిరి వాళ్లది. మలుపుల్లోనే తెలివి కావాలి. ఎడమకు తిరిగే మలుపులో లోపలి అంచు నిట్టనిలువుగా ఉంటుంది. తెలిసినవాళ్లు మలుపు రాకముందే గేరు తగ్గించుకుని, కాస్త బయటిగా, వెడల్పుగా తిరుగుతారు. మధ్యలో, పెడల్ మీద బరువంతా ఉన్నప్పుడు గేరు మార్చబోతే చైను ఊడుతుంది. అప్పుడు కాలు కింద పెట్టక తప్పదు. ఏటవాలులో ఒకసారి దిగినవాడు మళ్లీ ఎక్కి కూర్చుని కదలడం, చదునులో ఐదు కిలోమీటర్లు తొక్కడం కంటే కష్టం. పై నుంచి దిగే లారీ హారన్ వినబడితే పక్కకు జరగాలి. దాని బ్రేకుల మాడు వాసన మాత్రం లారీ వెళ్లిపోయాక కూడా అక్కడే ఉంటుంది. డముకు వ్యూ పాయింట్ దగ్గర అందరూ ఆగుతారు. అప్పటిదాకా ఎక్కిన దారి అక్కణ్నుంచి కింద ముక్కలు ముక్కలుగా కనబడుతుంది.

అనంతగిరి చుట్టుపక్కల రోడ్డుకు రెండు వైపులా కాఫీ తోటలు. పైన సిల్వర్ ఓక్, దాని మొదలు చుట్టుకుని మిరియాల తీగ, నీడలో కాఫీ మొక్క. నవంబరు నుంచి పళ్లు ఎర్రబడతాయి. పల్లెల్లో తొక్క తీసిన గింజల్ని పరదాల మీద ఆరబోస్తారు. పోడు కొట్టుకుని బతికిన గిరిజన కుటుంబాలకు ఈ పంట చేతిలో డబ్బు పెట్టింది. అరకు అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ కాఫీ, మిరియాలు, తేనె కొంటుంది.

ఇదే అనంతగిరి మండలంలో బొర్రా గుహలున్నాయి. సున్నపురాతిని గోస్తనీ నీరు కరిగించగా ఏర్పడిన గుహలివి. ఆ నది తాటిపూడి జలాశయం నింపి భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. బొర్రా పరిసరాల్లో ప్రైవేటు గనుల లీజుల మీద నడిచిన వివాదమే 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన సమత తీర్పుకు దారితీసింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరులకు గనుల లీజులు చెల్లవని కోర్టు తేల్చింది. గుహలు చూడ్డానికి వెళ్లే బృందాలు రోజును రెండుగా విడగొట్టుకోవడం మంచిది. ప్రధాన రోడ్డు విడిచి దిగి, మళ్లీ ఎక్కి రావడం ఒకే రోజులో అందరి వల్లా కాదు.

మధ్యాహ్నం తిండి రోడ్డు పక్కనే. కోడి ముక్కలకు ఉప్పు, కారం, మసాలా పట్టించి పచ్చి వెదురు బొంగులో కూరతారు. మూతి ఆకుతో బిగించి నిప్పుల మీద తిప్పుతారు. చుక్క నూనె వెయ్యరు. బొంగు పైన బొగ్గయ్యేసరికి లోపలి ముక్క దాని పచ్చి తడిలోనే ఉడికిపోతుంది. చీల్చి ఆకు మీద గుమ్మరిస్తే ముందు వెదురు వాసన, తర్వాతే మసాలా. అయితే ఇంకా ఎక్కాల్సింది మిగిలి ఉంటే దీన్ని కొద్దిగానే తినాలి. చోడి అంబలి దొరికితే అంతకంటే మేలు.

గాలికొండ దగ్గర ఎక్కడం ముగుస్తుంది. ఈ దారిలో కొత్తవాళ్లను ఆశ్చర్యపరిచే సంగతి ఇక్కడుంది: అరకు కొండ మీద ఉన్న ఊరు కాదు, కొండలు దాటాక లోపల ఉన్న పళ్లెం. ఎత్తు సుమారు 910 మీటర్లు. అరకు కంటే ముందు వచ్చే శిమిలిగుడ రైల్వే స్టేషన్ 996 మీటర్ల ఎత్తులో ఉంది. అంటే రోజంతా ఎక్కినదాంట్లో కొంత సాయంత్రం తిరిగి దిగాల్సిందే. చెమటతో తడిసిన ఒంటికి గాలి తగిలి వణుకు పుడుతుంది. చలి కోటు వ్యానులో పెట్టేసినవాళ్లు ఇక్కడే నాలుక కరుచుకుంటారు. దిగేటప్పుడు బ్రేకు అదిమిపట్టి ఉంచకూడదు, నొక్కుతూ వదులుతూ పోవాలి. లేకపోతే రిమ్ము కాలి ట్యూబు పేలుతుంది.

సుంకరిమెట్ట దాటాక లోయ తెరుచుకుంటుంది. నవంబరు, డిసెంబరుల్లో పసుపుపచ్చని వలిసె పూల చేలు కొండ పాదాల దాకా పరుచుకుని ఉంటాయి. అరకులో గిరిజన మ్యూజియం, రెండో ప్రపంచ యుద్ధ కాలంలో సైనికులకు కూరగాయలు పండించిన పద్మాపురం తోట ఉన్నాయి. సంత రోజున కోటియా, కొండదొర, వాల్మీకి, బగత కుటుంబాలు ఊళ్లోకి దిగుతాయి. వాళ్ల మధ్య బేరాలు తెలుగులోనూ ఆదివాసీ ఒడియాలోనూ నడుస్తాయి.

రాత్రికి సైకిళ్లను వరసగా నిలబెట్టి చైన్లు తుడిచి, బ్రేకు రబ్బర్లు ఎంత అరిగాయో చూసుకుంటారు. మర్నాటి దారి డుంబ్రిగుడ మీదుగా పాడేరుకు. 2022లో ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాకు పాడేరే కేంద్రం. అక్కణ్నుంచి వడ్డాది వైపు మైదానానికి దిగే ఘాట్ ఇంకొకటుంది, కాబట్టి అరిగిన రబ్బర్లను ఆ రాత్రే మార్చుకుంటారు.