మెంబరు మామ్మ

వెనకటి రోజుల్లో ఏ సంగతైనా ఊరందరికీ తెలియాలంటే టముకు వేయించేవారు. శిస్తు గడువైనా, పశువుల సంతైనా, మశూచి టీకాలైనా సరే, ఓ మనిషి వీధి మొగలో నిలబడి నాలుగు దెబ్బలు వేసి, "ఇందుమూలముగా యావన్మందికీ తెలియజేయునది ఏమనగా..." అని గొంతెత్తేవాడు. పొయ్యి మీద పోపు మాడిపోతున్నా సరే ఆడవాళ్ళు గుమ్మంలోకి వచ్చి వినేవారు. ఇప్పుడా టముకు పోయి మైకు ఆటో వచ్చింది. ఏప్రిల్ నెలాఖరులోగా ఏడాది ఇంటిపన్ను మొత్తం కట్టేస్తే అయిదు శాతం రాయితీ అని మా వీధిలో రోజుకు రెండుసార్లు చెబుతుంది. తడిచెత్త, పొడిచెత్త వేరు చెయ్యమని పాట కూడా పాడుతుంది. మననించి వాళ్ళకి రావలసినవన్నీ చక్కగా చెబుతుంది. మన బతుకుని అటూ ఇటూ చేసే సంగతి ఏదైనా నిర్ణయించినప్పుడు మాత్రం ఆ మైకుకి ఎక్కడలేని గొంతునొప్పీ వచ్చేస్తుంది. ఎందుకంటారు?

మాది కోస్తాలో ఓ చిన్న మునిసిపాలిటీ. పేరెందుకు లెండి! మీ ఊరి పేరు పెట్టుకుని చదువుకున్నా కథేమీ మారదు. మా గుడివీధిలో దాదాపు నలభై మంది కూరగాయలు అమ్ముకునేవారు. గోనెపట్టా పరుచుకుని, పైన ఓ గొడుగు పాతుకుని కూర్చోవడమే వాళ్ళ దుకాణం. నేను ఈ ఊరు కాపురానికి వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది. అప్పటికే అక్కడ తోటకూర, గోంగూర, చుక్కకూర గంపలో పెట్టుకుని ఓ మామ్మ ఉండేది. నా ఇద్దరు పిల్లలకీ అన్నప్రాశన నాటి నించీ ఆకుకూర ఆవిడదే. "పాపకి దగ్గుందన్నావుగా, ఇయ్యాల బచ్చలి వద్దులే" అని నా చేతిలోది లాక్కుని మెంతికూర పెట్టే మనిషి.

కిందటేడు ఓ సోమవారం పొద్దున్నే సంచీ పట్టుకుని వెళ్ళేసరికి గుడివీధి బోసిపోయి ఉంది. గొడుగుల్లేవు, గంపల్లేవు. నలిగిపోయిన నాలుగు క్యాబేజీ ఆకులు, కొత్తగా పాతిన ఓ బోర్డు మాత్రం ఉన్నాయి. "ఇచ్చట అమ్మకములు నిషేధించడమైనది" అని. తెల్లవారుజామున నాలుగింటికి ట్రాక్టరు తెచ్చి, కాటాలతో సహా అన్నీ ఎక్కించుకుపోయారట. ఇకమీదట బైపాస్ రోడ్డు పక్కన కట్టిన కొత్త కాంప్లెక్సులో అమ్ముకోవాలట. అక్కడి గదులకి డిపాజిట్టూ, వేలంపాటా!

మధ్యాహ్నం మామ్మ ఖాళీ గంపతో మా ఇంటికొచ్చింది. అరుగు మీద కూలబడి మజ్జిగ తాగి, "అమ్మా, ఆకుకూర సాయంత్రానికి చెత్తే గదా! ఎల్లుండి వచ్చి జరిమానా కట్టి తీసుకెళ్ళమంటున్నారు. ఎల్లుండికి ఏం మిగులుద్దని తీసుకోను?" అంది. ఏడవలేదు. ఏడ్చినా బాగుండును అనిపించింది నాకు.

నిజం చెప్పాలంటే మా వీధిలో చాలామంది సంతోషించారు. "అబ్బ, రోడ్డు ఎంత విశాలంగా ఉందో చూశావా వదినా!" అంది ఎదురింటావిడ. గుడివీధి ఇరుకే, కాదనను. పండగ రోజుల్లో రిక్షా కూడా కదలదు. మావారు కూడా పేపరు పక్కనపెట్టి, "మంచిపనేగా చేశారు. పద్ధతి ఎలాగైతేనేం?" అన్నారు.

ఆ మాట దగ్గరే నాకు చిక్కొచ్చింది. మా అమ్మమ్మ తరంలో పిల్లని అడక్కుండానే పెళ్ళి కుదిర్చేవారు. "మంచి సంబంధమేగా, అడిగితే ఏం, అడక్కపోతే ఏం?" అనేవారు పెద్దలు. సంబంధం మంచిదే కావచ్చు. కానీ కాపురం చెయ్యవలసింది ఆ పిల్లే గదా! అడిగితే, "అబ్బాయికి తాగుడు అలవాటుందని మా స్నేహితురాలు చెప్పింది" అనేదేమో! అడగడం అనేది ఎదుటివాళ్ళకి చేసే మర్యాద మాత్రమే అనుకుంటారు చాలామంది. అది అడిగినవాళ్ళకే లాభం. బైపాస్ పక్కకి ముసలివాళ్ళు నడిచి రాలేరనీ, ఆటోకి పోను రానూ అయ్యే ఖర్చుతో కూర కొననేవచ్చుననీ మామ్మని అడిగితే అరనిమిషంలో చెప్పేది.

నేను నవలలు రాసుకునే దాన్ని. చదివింది బి.ఏ. చట్టాలూ సెక్షన్లూ అంటే మామూలుగా ఆవలింతలొస్తాయి. కానీ ఈసారి కూర్చుని చదివాను. చదివితే నవలకన్నా బాగుంది!

వీధి వ్యాపారుల కోసం 2014లో పార్లమెంటు ప్రత్యేకంగా ఓ చట్టం చేసింది. ఊళ్ళో ఎవరెవరు ఎక్కడ అమ్ముకుంటున్నారో ముందు సర్వే చెయ్యాలి. ఆ సర్వే పూర్తయి, ధ్రువపత్రాలు ఇచ్చేదాకా ఎవర్నీ లేవగొట్టకూడదు. వేరేచోటికి పంపాలంటే ముప్పై రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. సరుకు పట్టుకుంటే జాబితా రాసి ఇవ్వాలి. పాడైపోయే సరుకైతే రుసుము కట్టించుకుని, అడిగిన రోజునే తిరిగి ఇచ్చెయ్యాలి. అంటే మామ్మ గోంగూర గురించి ఢిల్లీలో ఎవరో నిజంగా ఆలోచించారన్నమాట! ఏళ్ళ తరబడి అమ్మేవాళ్ళూ కొనేవాళ్ళూ తమంత తాముగా చేరే చోటుని ఆ చట్టం సహజ మార్కెట్టు అంటుంది. వీటన్నిటికీ పైన పట్టణ విక్రయ కమిటీ అని ఒకటుండాలి. అధ్యక్షుడు కమిషనరే అయినా, సభ్యుల్లో నూటికి నలభై మందికి తగ్గకుండా వీధి వ్యాపారులే, అదీ వాళ్ళలో వాళ్ళు ఎన్నుకున్నవాళ్ళే ఉండాలి. వాళ్ళలో మూడోవంతు ఆడవాళ్ళు.

ఇంత పద్ధతి ఉంటే మా ఊళ్ళో ఏం జరిగింది? తెలుసుకోవడానికి 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉంది. పది రూపాయల ఫీజు, తెల్లకాగితం మీద నాలుగు ప్రశ్నలు. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. దరఖాస్తు తీసుకున్న గుమాస్తాగారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "మేడమ్, మీకిందులో షాపేమైనా ఉందా?" అని అడిగారు. లేదన్నాను. "మరెందుకండీ?" అన్నారు, నిజంగానే అర్థంకాక.

ఇరవై తొమ్మిదో రోజున కవరొచ్చింది. కౌన్సిల్ తీర్మానం నకలు అందులో ఉంది. ఆ అంశం సభ్యులకి ముందుగా పంపిన అజెండాలో లేదు. టేబుల్ అజెండాలో ఉంది. టేబుల్ అజెండా అంటే, భోజనాలు అయిపోయి అందరూ చేతులు కడుక్కోబోతుంటే వడ్డించే వంటకం లాంటిది. ఏమిటో చూసేలోపల తిన్నట్టు లెక్క రాసేస్తారు. నిజంగా కొంప మునిగే అవసరాల కోసం పెట్టిన వెసులుబాటు అది. పైపు పగిలిందనుకోండి, వరదొచ్చిందనుకోండి, వారం రోజుల నోటీసంటే కుదరదు గదా! మా తీర్మానంలో కూడా "అత్యవసర దృష్ట్యా" అనే ఉంది. ఇరవై ఏళ్ళ పైబడి అక్కడే కూర్చున్న మామ్మ ఆ సోమవారం ఉన్నట్టుండి అత్యవసరం ఎలా అయిందో మాత్రం రాయలేదు.

మా చైర్‌పర్సన్ ఆడమనిషే. 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ పురపాలక సంఘాల్లో మూడోవంతుకి తక్కువ కాకుండా స్థానాలు మనకి కేటాయించింది. మన రెండు తెలుగు రాష్ట్రాలూ దాన్ని సగం చేశాయి. ఆవిడతో మాట్లాడదామని వెళితే వాళ్ళాయన బయటికొచ్చి కుర్చీ వేసుకుని, "చెప్పండమ్మా, నేను చూసుకుంటాను" అన్నారు. లోపలినించి ఆవిడ మంచి కాఫీ పంపింది. సంతకం ఆవిడది, సంగతులు ఈయనవి. ఆ కాఫీ నాకు చేదుగా అనిపించింది, పంచదార సరిపోయినా.

అసలు విడ్డూరం కవర్లోని ఆఖరి కాగితం. పట్టణ విక్రయ కమిటీ సభ్యుల జాబితా! ఆ కమిటీ సమావేశమై, మార్కెట్టు మార్పుకి ఏకగ్రీవంగా సమ్మతించిందని మినిట్సు కూడా ఉంది. మహిళా సభ్యుల్లో రెండో పేరు మా మామ్మది! పక్కన వేలిముద్ర.

సాయంత్రం మామ్మకి చదివి వినిపించాను. చాలాసేపు మాట్లాడలేదు. "నేను మెంబర్నా?" అంది చివరికి. తనని తీసేయడానికి తనే ఒప్పుకున్న సంగతి కన్నా, తను మెంబరన్న సంగతే ఆవిణ్ణి ఎక్కువ ఆశ్చర్యపరిచినట్టుంది. ఆ వేలిముద్ర ఎప్పుడు వేశావు అంటే గుర్తుచేసుకుంది. వీధి వ్యాపారులకి పదివేల అప్పు ఇస్తారని, 2020లో కేంద్రప్రభుత్వం పెట్టిన పథకానికి దరఖాస్తులు తీసుకున్నప్పుడు ఎవరో నాలుగైదు కాగితాల మీద వేయించుకున్నారట. అందులో ఇదొకటేమో, ఎవరికి తెలుసు?

అర్జీ పెట్టాం. నలభై మందీ సంతకాలూ, వేలిముద్రలూ వేశారు. ఈసారి ప్రతి కాగితమూ పైకి చదివి వినిపించాకే వేశారు. రెండు నెలలు తిరిగాక కమిటీ సమావేశం అన్నారు. మామ్మ ఉతికిన నేతచీర కట్టుకుని, పుస్తెలతాడుకి పసుపు రాసుకుని వెళ్ళింది. నన్ను లోపలికి రానివ్వలేదు, నేను మెంబర్ని కాను గదా! కిటికీ పక్కన నించుని విన్నాను. "బాబుగారూ, నా యేలిముద్ర ఈడ కూకుని ఒప్పుకుందంట. నేనెప్పుడు కూకున్నానో సెప్పండి. ఏ కుర్చీలో కూకున్నానో అదీ సెప్పండి" అంది. లోపల కాసేపు ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు.

చీరాల, పేరాల ఊళ్ళని 1919లో ప్రభుత్వం జనం వద్దంటున్నా వినకుండా మునిసిపాలిటీ చేసి పన్నులు పెంచింది. 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి వెనక ఆ జనం ఇళ్ళకి తాళాలు పెట్టుకుని ఊరి బయటికి వెళ్ళి, పాకలు వేసుకుని నెలల తరబడి ఉన్నారు. ఆ పాకల్లో పొయ్యిలు రాజేసింది, పసిపిల్లల్ని ఎండకీ వానకీ కాచుకున్నది ఆడవాళ్ళే గదా! మమ్మల్ని అడక్కుండా మా సంగతి తేల్చడానికి మీరెవరు అన్నదే వాళ్ళ ప్రశ్న. మామ్మకి ఆ చరిత్ర తెలియదు. కానీ ఆ ప్రశ్న తెలుసు.

మా కథ మాత్రం సినిమాలోలా ముగియలేదు. సర్వే అయ్యేదాకా గుడిగోడ వైపున, సున్నపు గీత లోపల, పొద్దున్న పదింటిదాకా అమ్ముకోవచ్చునని తేల్చారు. గీత వల్ల రోడ్డూ ఖాళీగానే ఉంది, కూరలూ దొరుకుతున్నాయి. ఇది ముందే అడిగి చేసుంటే ట్రాక్టరు డీజిలైనా మిగిలేది! ఆ వేలిముద్ర కాగితం ఎవరు రాశారో ఎవరూ చెప్పలేదు, ఎవరి మీదా చర్య లేదు. బైపాస్ కాంప్లెక్సు గదుల్లో మేకలు పడుకుంటున్నాయి. నలభై మందిలో ముగ్గురు ఇక రాలేదు. ఆ రెండు నెలల అప్పులతో వ్యాపారం మానేశారు. దొండకాయలమ్మే ఆయన హైదరాబాదులో ఏదో అపార్టుమెంటుకి వాచ్‌మన్‌గా వెళ్ళాడట. ఆయన చోటు ఇప్పటికీ ఎవరూ ఆక్రమించలేదు. అటూ ఇటూ ఉన్నవాళ్ళు ఓ గోనెపట్టా మేర వదిలేసి కూర్చుంటున్నారు.

మొన్న మామ్మ దగ్గర రెండు కట్టలు తోటకూర తీసుకుని, అలవాటు కొద్దీ కొసరుకి చెయ్యి చాపాను. ఇవ్వలేదు.

"ఏం మామ్మా, మెంబరువయ్యాక చెయ్యి బిగబట్టావే?" అన్నాను.

"ఇస్తాలే అమ్మా. కానీ ముందు నన్నడుగు" అంది, కొత్తిమీర కట్ట వెనక్కి దాస్తూ.

అడిగాను. ఇచ్చింది.