ఖాళీ మంచానికి అద్దె

22 ఏళ్ళుగా సియాటిల్ దగ్గర ఉంటున్నాం. వేసవి వచ్చిందంటే 66వ నంబరు రేవు నుంచీ, 91వ నంబరు రేవు నుంచీ అలాస్కా ఓడలు సాయంత్రం పూట బయల్దేరుతుంటాయి. పని మీద డౌన్‌టౌన్‌ వెళ్ళినప్పుడల్లా కాసేపు నిలబడి చూసేదాన్ని. మావారికి నీళ్ళ ప్రయాణం పడదు. బైన్‌బ్రిడ్జ్ దీవికి ఫెర్రీలో 35 నిమిషాలు. ఆ కాస్త దూరానికే ఆయన ముఖం పాలిపోతుంది, దిగాక రాత్రి దాకా తల తిరుగుతూనే ఉంటుంది. మాత్రలు, మణికట్టుకు పట్టీలు, బుగ్గన అల్లం ముక్క, అన్నీ అయ్యాయి. పోయిన సంక్రాంతి నాడు ఆయనే అన్నారు: "నా కోసం ఆగితే నువ్వు ఎప్పటికీ చూడలేవు. నువ్వు వెళ్ళిరా."

ఆ రాత్రే కంప్యూటర్ ముందు కూర్చున్నాను. ఏడు రాత్రుల ప్రయాణం, మనిషికి 900 డాలర్లని ఉంది. ఎంతమంది అన్నచోట 1 అని నొక్కాను. 1,800 అయింది. పొరపాటు చేశాననుకుని మళ్ళీ మొదటి నుంచి చేశాను. అదే లెక్క. మర్నాడు ఫోన్ చేస్తే అవతలి అమ్మాయి ఓపిగ్గా వివరించింది. ఓడలో గది ధర ఇద్దరు ఉంటారని వేసేది. ఒక్కరే వస్తే రెండో మనిషి టికెట్ కూడా ఆ ఒక్కరే కట్టాలి. దాన్ని సింగిల్ సప్లిమెంట్ అంటారు. రేవు పన్నులు, సిబ్బందికిచ్చే రోజువారీ టిప్పులు మాత్రం తలకింత కాబట్టి అవి రెట్టింపు కావు.

వ్యాపారంగా చూస్తే వాళ్ళ లెక్క అర్థమవుతుంది. ఓడలో గదులు ఇన్నేనని ఉంటాయి. రాని ఆ రెండో మనిషి టికెట్టే కాదు, ఆ మనిషి తాగే కాఫీలు, కొనే వస్తువులు, రేవుల్లో దిగి చేసే యాత్రలు, అన్నీ వాళ్ళకి రాబడే. అర్థమైనా మనసు ఒప్పుకోలేదు. ఎవరూ పడుకోని మంచానికి అద్దె కట్టమంటే, నీ పక్కన ఒకరు ఉండాల్సింది కదా, ఏరీ అని అడిగినట్టే ఉంది నాకు.

ఆ మాట నిజంగానే అడిగింది కాకినాడలో ఉన్న అక్క. "ఒక్కదానివే, అదీ నీళ్ళ మీదా? మరిదిగారితో మాటా మాటా ఏమైనా వచ్చిందేమిటే?" దాని భయం నాకు తెలుసు. చిన్నప్పుడు పాపికొండలకి లాంచీలో వెళ్తే దారి పొడుగునా నాన్న మా ఇద్దరి చేతులూ వదల్లేదు. అంచుకి పోనివ్వలేదు. కొండల్ని నాన్న భుజం మీంచి చూశాం. మా ఇంట్లో ఆడపిల్ల ఒంటరిగా పడవెక్కడమన్న మాటే లేదు. గొడవేం లేదనీ, ఆయనే పంపుతున్నారనీ చెప్పాను. నమ్మడానికి నెల పట్టింది.

ఆ నెలంతా గది వెతుకులాటే. ఒంటరి వాళ్ళ కోసమే కట్టిన గదులున్నాయని అప్పుడే తెలిసింది. 2010లో ప్రయాణాలు మొదలుపెట్టిన నార్వీజియన్ ఎపిక్ అనే ఓడలో అలాంటివి 128 పెట్టారు. ఒక్కొక్కటీ దాదాపు 100 చదరపు అడుగులు. స్టూడియో అన్నారు. తర్వాత వేరే ఓడల్లోనూ వచ్చాయి. 2016లో క్వీన్ మేరీ 2ని బాగుచేసినప్పుడు అందులోనూ ఒంటరి ప్రయాణికులకి 15 గదులు చేర్చారు. ఉన్నవి కొద్ది కాబట్టి ముందే అయిపోతాయి. ఒక్కోసారి స్టూడియో కంటే మామూలు గదికి ఇద్దరి డబ్బులు కట్టడమే చవకగా తేలుతుంది కూడా. పేరు చూసి మోసపోకుండా రెండు మొత్తాలూ పక్కపక్కన పెట్టుకోవాలి. నాకు స్టూడియో 1,350కి దొరికింది.

అయితే దానికి సముద్రం కనపడే కిటికీ లేదు. ఉన్న ఒక్క కిటికీ నడవాలోకి. అలాస్కా వెళ్తూ గోడ చూస్తూ పడుకోవడమా అని రెండు రోజులు ఆలోచించాను. బాల్కనీ గదులు చూస్తే ఒక్కరికి దాదాపు మూడు రెట్లు. చివరికి నన్ను ఒప్పించింది అలాస్కాలోని గ్లేషియర్ బే పార్కు సంగతి. అక్కడి మార్జరీ హిమానీనదం ముందు ఓడ దాదాపు గంటసేపు ఆగి, రెండు వైపులవాళ్ళకీ కనబడేలా నెమ్మదిగా తిరుగుతుంది. డెక్ అందరిదీ. గది నిద్రకి చాలు. మిగిలిన డబ్బుతో, దారిలో ఓడ ఆగే స్కాగ్‌వే రేవులో వైట్ పాస్ రైలుకి టికెట్ కొన్నాను. బంగారం వేటకి వెళ్ళేవాళ్ళ కోసం 1898లో కొండ తొలిచి వేయడం మొదలుపెట్టిన దారి అది.

అక్కకి మాత్రం ఒకే ఒక్క వివరం చెప్పాను. స్టూడియోలన్నీ ఒకే చోట ఉంటాయి, ఆ గదుల తాళం కార్డు ఉన్నవాళ్ళకే బయటి తలుపు తెరుచుకుంటుంది అని. "లోపల గడియ కూడా ఉందా?" అంది. ఉందన్నాను. అప్పటికి ఊపిరి పీల్చుకుంది.

ఓడెక్కాక చూస్తే ఆ తలుపు వెనక చిన్న హాలు ఉంది. సాయంత్రం అయిదింటికి అక్కడ ఒంటరిగా వచ్చినవాళ్ళు కలుస్తారు. రాత్రి భోజనానికి ఎవరు ఎవరితో కూర్చోవాలో మాట్లాడుకుంటారు. మొదటిరోజు పద్నాలుగు మందిమి. భర్త పోయాక మొదటిసారి ఇల్లు కదిలిన ఆవిడ, సెలవు దొరకని స్నేహితుల కోసం చూసి చూసి బయల్దేరిన నర్సు, పెళ్ళి చేసుకోని రిటైర్డు మాస్టారు. ఎవరూ ఎవర్నీ ఎందుకు ఒక్కరే వచ్చారని అడగలేదు. ఆ ఏడు రోజుల్లో నాకు అన్నిటికంటే హాయిగా అనిపించింది అదే.

గ్లేషియర్ బేలోకి పెద్ద ఓడలు రోజుకి రెండుకి మించి రానివ్వరు. పొద్దున్నే పార్కు రేంజర్లు చిన్న పడవలో వచ్చి ఓడెక్కారు. మైకులో చెబుతుంటే వింటూ నిలబడ్డాను. 1794లో కెప్టెన్ వాంకూవర్ మనుషులు ఇటు వచ్చినప్పుడు ఇక్కడ లోపలికి దారే లేదట, అఖాతం ముఖద్వారం దగ్గరే మంచు గోడ. ఇప్పుడు మేమున్న చోటు అక్కడికి 60 మైళ్ళ లోపల. అంతకు ముందు ఆ మంచు పెరిగి మీదికొస్తుంటే ఇక్కడ ఉండే హూనా ట్లింగిట్ తెగవాళ్ళు ఊళ్ళు వదిలి పోవలసి వచ్చింది. వాళ్ళ కోసం కట్టిన గిరిజన గృహం 2016లో ఆ తీరాన తలుపులు తెరిచింది. మంచు విరిగే చప్పుడుని వాళ్ళు తెల్ల ఉరుము అంటారు.

నేను డెక్ అంచునే ఉన్నాను, కమ్మీ పట్టుకుని. ముందు చప్పుడు లేదు, ఒక నీలి పలక జారింది. అది నీళ్ళలో పడిపోయాక అప్పుడు వచ్చింది ఉరుము. ఫోన్ సిగ్నల్ లేదు. రికార్డు చేశాను.

ఇంటికొచ్చిన రాత్రి ఫొటోలు తర్వాత చూద్దాంలెండి అని మావారికి ముందు అది వినిపించాను. చేతిలో కాఫీ కప్పు పక్కన పెట్టి కళ్ళు మూసుకుని విన్నారు.

"ఇంకోసారి పెట్టు" అన్నారు.