హెచ్ఎం పాడు బస్సుకి లాంజ్ ఉండదు

మా మండలం పేరు హనుమంతునిపాడు. అంత పొడుగు పేరు మా వైపు పెద్దగా ఎవరూ వాడరు, హెచ్ఎం పాడు అంటారు. కనిగిరి నియోజకవర్గం. మాకు రైలు స్టేషన్ లేదు. రైలెక్కాలంటే గుంటూరు–నంద్యాల లైను మీదున్న దొనకొండకో, మార్కాపురం రోడ్డుకో పోవాలి. కనిగిరి మీదుగా నడికుడి–శ్రీకాళహస్తి లైను వేస్తున్నారు, ఏళ్ళ తరబడి దానికోసం ఎదురుచూస్తూనే ఉన్నాం. ఇక విమానం సంగతి. దొనకొండలో బ్రిటిష్ వాళ్ళ కాలం నాటి ఎయిర్‌స్ట్రిప్ ఉంది గానీ, ఎక్కడానికి విమానం లేదు. టికెట్ కొని ఎక్కే విమానం కావాలంటే గన్నవరం, కడప, రేణిగుంట. ఏది పట్టుకున్నా ముందు గంటల తరబడి రోడ్డు మీద ఉండాల్సిందే.

ఇలాంటి చోటు నుంచి వచ్చి హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకునే నాలాంటోడికి, ఏటా ఫీజు కట్టి వాడే ట్రావెల్ క్రెడిట్ కార్డు గిట్టుబాటవుతుందా? ప్రశ్న ఊరికే రాలేదు. వచ్చే నెల నా కార్డు రెన్యువల్. మొదటి ఏడాది ఫ్రీ అని ఇచ్చారు. ఈసారి ఫీజు 5,000, దాని మీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 5,900. మా టీంలో సగం మంది దగ్గర ఇలాంటి కార్డులే ఉన్నాయి. లంచ్ టైంలో మాటలన్నీ మైల్స్ గురించి, లాంజ్‌ల గురించే. ఇంటికి ఫోన్ చేసి చెబితే నాయన ఒక్కటే అన్నాడు: "ఏటా ఆరువేలు కట్టి వాళ్ళు పెట్టే టిఫిను తినేదేందిరా అబ్బయ్యా?"

నాయన మాట కొట్టిపారేసేది కాదు. అలాగని ఆ ఒక్క మాటతో తేల్చేసేదీ కాదు. అందుకే ఓ ఆదివారం కూర్చుని పన్నెండు నెలల స్టేట్‌మెంట్లు తీశా.

కార్డు దృష్టిలో ఏది ప్రయాణం?

ఏడాదిలో ఊరికి ఏడుసార్లు వెళ్ళా. సంక్రాంతి, ఉగాది, తిరునాళ్ళ, బాబాయి కూతురి పెళ్ళి. మిగతా మూడూ అమ్మ ఫోన్‌లో "ఎప్పుడొస్తావు నాయనా" అని అడిగితే కాదనలేక. రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి కనిగిరి. అక్కడ టీ తాగి మళ్ళీ బస్సో, ఆటోనో. రానూపోనూ బస్సు టికెట్లు 1,500 చొప్పున, ఏడుసార్లకి 10,500.

నా మటుకు ప్రయాణమంటే ఇదే. కార్డుకి మాత్రం ఇది ప్రయాణం కాదు. కార్డు తీసుకునే ప్రతి వ్యాపారికీ నాలుగంకెల మర్చంట్ కేటగిరీ కోడ్ ఒకటి ఉంటుంది. మీరు కొన్నది ఏ ఖాతాలో పడుతుందో ఆ కోడే తేలుస్తుంది. నా కార్డులో ఎయిర్‌లైన్స్, హోటళ్ళ కోడ్‌లకి నూటికి 5 పాయింట్లు. బస్సుల కోడ్ 4131. అది "ఇతర ఖర్చులు" కింద పడి నూటికి 2 తెస్తుంది. పాయింటుకి రూపాయి వేసుకుంటే, ఏడుసార్లు ఊరెళ్ళొచ్చినందుకు ట్రావెల్ కార్డు నాకిచ్చింది 210 రూపాయలు. కనిగిరి టీకొట్టులో కూడా క్యూఆర్ కోడ్ ఉంది. కానీ యూపీఐకి లింకయ్యేది రూపే క్రెడిట్ కార్డే, నాది వీసా.

ఉగాదికి వెళ్ళినప్పుడు తమ్ముడూ నేనూ బైకేసుకుని భైరవకోన పోయాం. సీఎస్ పురం మండలం, నల్లమల కొండల్లో ఉంటుంది. కొండరాయిని తొలిచి చేసిన ఎనిమిది గుహాలయాలు, పక్కనే జలపాతం. చెప్పులు చేత్తో పట్టుకుని ఒక గుహలోంచి ఇంకో గుహలోకి తిరుగుతుంటే ఫోన్ తీయాలనే అనిపించలేదు. ఇంకోసారి కంభం చెరువు చూసొచ్చాం. విజయనగర కాలంలో రెండు కొండల మధ్య కట్ట వేసి గుండ్లకమ్మ నీళ్ళు ఆపిన చెరువది. 2020లో ప్రపంచ నీటిపారుదల వారసత్వ కట్టడాల్లో చేరింది. ఏడాది మొత్తంలో నాకు బాగా గుర్తున్న ప్రయాణాలు ఈ రెండే. అయిన ఖర్చు పెట్రోలు, పునుగులు. పెట్రోలుకి నా కార్డు పాయింట్లు ఇవ్వదు. పునుగుల బండికి నోటు ఇచ్చా.

అసలు లెక్క

ఇక కార్డు మెచ్చుకునే ప్రయాణం ఒక్కటే: ఫ్రెండ్స్‌తో గోవా. ఫ్లైటూ, హోటలూ కలిపి నా వాటా 20,000. ఆఫీసు పని మీద ఢిల్లీ కూడా వెళ్ళా, కానీ ఆ టికెట్ కంపెనీ కొన్నది.

20,000 మీద నూటికి 5 చొప్పున 1,000 పాయింట్లు. కిరాణా, బిల్లులు, ఆన్‌లైన్ షాపింగ్, బస్సు టికెట్లు కలిపి నెలకి 15,000, ఏడాదికి 1,80,000. నూటికి 2 చొప్పున 3,600. మొత్తం 4,600 రూపాయల విలువ. చూడ్డానికి 5,900కి దగ్గరగానే ఉంది కదా?

ఇక్కడే చాలామంది ఆగిపోతారు. ఇంకో మెట్టు ఉంది. ఇదే 2,00,000ని ఏ ఫీజూ లేకుండా 1 శాతం క్యాష్‌బ్యాక్ ఇచ్చే కార్డు మీద పెట్టినా 2,000 వచ్చేది. అంటే ట్రావెల్ కార్డు వల్ల అదనంగా వచ్చింది 2,600 మాత్రమే. లాంజ్‌కి రెండుసార్లు వెళ్ళా. అక్కడి బఫే రేటు వేసుకుంటే పెద్ద అంకే వస్తుంది. కానీ లాంజ్ లేకపోతే నేను ఎయిర్‌పోర్టులో బఫే కొనేవాణ్ణి కాదు, ఓ దోసె, కాఫీతో సరిపెట్టేవాణ్ణి. మనిషి ఎంత పెట్టి కొనేవాడో అంతే దాని విలువ. 300 చొప్పున 600 వేశా. మొత్తం లాభం 3,200. ఫీజు 5,900. చేతి నుంచి పడేది 2,700.

మరి ఎంత తిరిగితే గిట్టుబాటు? మిగతా ఖర్చులు ఇలాగే ఉంటే ఫ్లైట్లకీ, హోటళ్ళకీ నా సొంత డబ్బు ఏడాదికి 87,500 పెట్టాలి. అప్పుడు బరాబర్. ఆ పైన పెట్టిందాని మీదే అసలు లాభం మొదలు.

ఎవరికి పనికొస్తుంది?

మా టీంలో ఒకమ్మాయి ఉంది. వాళ్ళ అక్క డాలస్‌లో ఉంటుంది. అమ్మానాన్నల టికెట్లు ఏటా తనే కొంటుంది. ఆమెకి ఇదే కార్డు హాయిగా గిట్టుబాటు. పాయింట్లని ఎయిర్‌లైన్ మైల్స్‌గా మార్చి, ఓపిగ్గా సీట్లు వెతుక్కునేవాళ్ళకి పాయింటుకి రూపాయి కన్నా ఎక్కువ కూడా దక్కుతుంది. విదేశాల్లో కార్డు గీకేవాళ్ళకి మార్కప్ ఛార్జీ తక్కువుంటే అదో ఆదా. కార్డు చెడ్డదేం కాదు. కాకపోతే ఆమె ఏడాది వేరు, నా ఏడాది వేరు.

రైళ్ళలో ఎక్కువ తిరిగితే ఐఆర్‌సీటీసీతో కలిసి ఎస్‌బీఐ కార్డు ఇచ్చేవి ఉన్నాయి. అందులో మామూలు రకానికి ఏటా ఫీజు వందల్లోనే. కానీ టికెట్ మీద వచ్చే పెద్ద లాభం ఏసీ తరగతులకే. మార్కాపురం రోడ్డులో దిగే మనోళ్ళలో స్లీపర్, జనరల్ బోగీల వాళ్ళకి దాంతో ఒరిగేది తక్కువ.

రెండు విషయాలు జాగ్రత్త. ఏడాదికి ఇన్ని లక్షలు ఖర్చు పెడితే ఫీజు మాఫీ అంటారు. ఆ గీత అందుకోడానికి అవసరం లేనిది కొంటే మాఫీ అయిన ఫీజు కన్నా ఎక్కువే వదులుతుంది. లాంజ్‌కి కూడా ఇప్పుడు చాలా కార్డులు మూడు నెలలకోసారి ఖర్చు షరతు పెట్టాయి. రెండోది వడ్డీ. నెలకి 3.75 శాతం రేటున 50,000 బాకీ ఒక్క నెల నిలిస్తే, జీఎస్టీతో కలిపి 2,200 పైమాటే. ఏడాది పాయింట్లలో సగం ఒక్క నెలలో పోతాయి.

కాశీ మాట

ఇంత లెక్క చూశాక కూడా కార్డు ఉంచుకోవాలని నన్ను లాగింది ఒకటుంది. అమ్మ ఇంతవరకూ విమానం ఎక్కలేదు. పాయింట్లు కూడబెట్టి అమ్మనీ, నాయననీ కాశీకి ఫ్లైట్‌లో తీసుకెళ్దామని నా ఆశ. ప్రకటనలు అమ్మేది ఇలాంటి ఆశనే. లెక్క చూస్తే మాత్రం, పాయింట్లతో ముగ్గురి టికెట్లు రావాలంటే నా ఖర్చుకి ఏళ్ళు పడుతుంది, మధ్యలో ఏటా 5,900 కడుతూనే ఉండాలి. పాయింట్ల విలువ ఎప్పుడైనా తగ్గించే హక్కు బ్యాంకుకి ఉంది. నాయన మోకాళ్ళు అన్నేళ్ళు ఆగవు.

అందుకే రెన్యువల్ చేయట్లేదు. ముందు పాయింట్లన్నీ వాడేశా. ఫీజు లేని కార్డుకి మార్చమని అడిగా, కుదరదంటే మూసేయమని రాస్తా. బాకీ ఏమీ లేకపోతే అడిగిన ఏడు పనిదినాల్లో కార్డు మూసేయాలని, ఆలస్యమైతే రోజుకి 500 చొప్పున మనకే చెల్లించాలని 2022 నాటి రిజర్వ్ బ్యాంక్ నిబంధన ఉంది.

మీరూ రెన్యువల్ మెయిల్ రాగానే ఆఫర్ల పేజీ తెరవొద్దు. పోయిన ఏడాది మీ సొంత డబ్బుతో కొన్న టికెట్లన్నీ ఒక కాగితం మీద రాయండి. మీరు ఇప్పటికే చేస్తున్న ప్రయాణాలకి కార్డు పనికొస్తే ఫీజు కట్టండి. కార్డు కోసం ప్రయాణాలు వెతుక్కోవాల్సి వస్తే వద్దు.

ఆ 5,900 హైదరాబాద్–వారణాసి టికెట్ల ఖాతాలో వేశా. కార్తీకం దాటాక వెళ్దామని అమ్మ అంది. నాయన ఇంకా బేరమాడుతున్నాడు, రైలైతే కిటికీలోంచి ఊళ్ళన్నీ కనపడతాయట.