మంచం ఎక్కడ వేస్తారు, పెద్దాయనా?

ఆషాఢం గాలి లేచిందంటే అనంతపురం జిల్లా పామిడిలో పట్టపగలే తలుపులు మూసుకుంటారు. పెన్న ఇసుక, దున్ని వాన కోసం వదిలేసిన చేలలోని మన్ను, హైదరాబాద్–బెంగళూరు రహదారి మీద లారీలు రేపే దుమ్ము అన్నీ కలిసి ఊరి మీద పడతాయి. ఆ రోజుల్లో వైద్యం కోసం నా దగ్గరికి వచ్చే ముసలివాళ్లందరిదీ ఒకటే మాట. "నోట్లో అంతా మన్నే సార్, దగ్గక ఏం జేస్తా?" కరువు నేలలో ఈ మాట ఎవరైనా నమ్ముతారు. కానీ అందులో ఉన్నది సగం నిజమే.

డెబ్బై దాటిన పెద్దాయన ఒకరు. బీడీ ఎప్పుడూ ముట్టలేదు. నాలుగడుగులు వేస్తే ఆయాసం. ఊదించి పరీక్ష చేస్తే గాలి గొట్టాలు బాగా సన్నబడ్డాయని, మందు పీల్చినా పూర్తిగా విచ్చుకోవడం లేదని తేలింది. పొగ తాగే అలవాటు ఉన్నవాళ్లలో తరచుగా చూసే జబ్బది. నాకు అనుమానం కలిగించింది మరో సంగతి. దుమ్మే కారణమైతే ఆయాసం ఆషాఢంలో ముదరాలి. ఈయనకు మార్గశిరంలో ముదురుతోంది. గాలి నిలిచిపోయి, దుమ్ము అణిగి, ఊరంతా చలికి ముడుచుకునే రోజులవి.

ఇంట్లో గ్యాస్ ఉందా అని అడిగితే ఉందన్నారు. అంతటితో ఆగి ఉంటే ఏమీ తెలిసేది కాదు. తెల్లవారి లేచింది మొదలు పడుకునే దాకా ఏ గంటకు ఎక్కడ ఉంటారో చెప్పమన్నాను. ఐదింటికే లేచి ఇంటిల్లిపాదికీ స్నానాల నీళ్లు కాచేది ఆయనే. కంప, చెనక్కాయ పొట్టు, అంటుకోవడానికి ఒక ప్లాస్టిక్ సంచి. చలికి ఆ పొయ్యి ముందే కూర్చుంటారు. పొయ్యి ఉన్నది వసారా పక్కన. మంచం ఉన్నదీ ఆ వసారాలోనే.

1999లో దీపం పథకం, 2016 తర్వాత ఉజ్వల పథకం వచ్చి మన ఆడవాళ్ల వంటను చాలావరకు గ్యాస్ మీదికి మార్చాయి. అది నిజంగా గొప్ప మార్పు. అయితే నీళ్ల పొయ్యి మాత్రం చాలా ఇళ్లలో అలాగే ఉండిపోయింది. దాని కాపలా వయసు మళ్లినవాళ్ల వంతైంది.

ఆ పొగ ఎవరికి ఎంత తగులుతోందో తెలియాలంటే మనిషి పీల్చే గాలినే కొలవాలి. అందుకు సాధనం మనిషి మీదే ఉండాలి. నడుముకు చిన్న పంపు కట్టి, దాని గొట్టాన్ని చొక్కా కాలరు దగ్గర, ముక్కుకు జానెడు దూరంలో గుచ్చుతారు. ముందే తూచి పెట్టిన వడపోత కాగితాన్ని ఒక రోజు తర్వాత తీసి మళ్లీ తూస్తారు. పెరిగిన బరువే ఆ మనిషి చుట్టూ ఉన్న గాలి మోసిన రేణువులది. ముసలివాళ్లకు ఆ పంపు బరువు, రొద రెండూ ఇబ్బందే. ఆడవాళ్లయితే కొంగు జారి గొట్టం మూతికి అడ్డం పడుతుంది.

అలా ఒంటి మీద కాకపోయినా, ఇంటి గాలిని కొలిచి, ఎవరు ఎంతసేపు ఎక్కడ ఉంటారో రాసుకుని, పీల్చే గాలిని లెక్క కట్టినవాళ్లు ఉన్నారు. చెన్నైలోని శ్రీరామచంద్ర వైద్య సంస్థకు చెందిన కల్పనా బాలకృష్ణన్ బృందం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మూడు జిల్లాల పల్లెల్లో నాలుగు వందలకు పైగా ఇళ్లు చూసి, 2004లో ఫలితాలు ప్రచురించింది. కట్టెల పొయ్యి ఉన్న ఇళ్లలో వంట చేసే ఆడవాళ్లు పీల్చే గాలిలో, ఊపిరితిత్తుల్లోకి దిగగల రేణువులు ఘనపు మీటరుకు సగటున 442 మైక్రోగ్రాములు. మగవాళ్లకు 204. ఆ మగవాళ్లలో అందరికంటే ఎక్కువ పీల్చినది 65 నుంచి 80 ఏళ్లవాళ్లు. వాళ్లు వంట చేయరు, ఇంట్లో ఉంటారు, అంతే. ఈ లెక్క నా రోగులను నేను అడిగే ప్రశ్నలనే మార్చేసింది. ఇంటిపట్టున కూర్చోమని ముసలివాళ్లకు ప్రేమతో చెబుతాం కదా.

అమెరికాలో 1990లో కాలిఫోర్నియాలోని రివర్‌సైడ్ వాసుల ఒంటి మీదే సాధనాలు పెట్టి కొలిచినప్పుడు మరో సంగతి తేలింది. పగటిపూట ఇంటి లోపలా బయటా గాలిలో రేణువులు ఘనపు మీటరుకు 95 మైక్రోగ్రాముల దగ్గర ఉంటే, మనుషుల ఒంటి మీది సాధనాల్లో 150 దాకా వచ్చాయి. నడిచినా, ఊడ్చినా, వండినా మనిషి తన చుట్టూ తానే రేణువులు రేపుకుంటాడు. మిద్దె మీద పెట్టిన యంత్రానికి అదేమీ కనిపించదు.

మా పెద్దాయనకు ఒక మిత్రుడి దగ్గర తెచ్చిన చిన్న సెన్సర్ తగిలించాం. మనవడు గంట గంటకూ తాత ఎక్కడున్నాడో రాశాడు. అన్నిటికంటే పైకి లేచింది తెల్లవారుజామున, పొయ్యి ముందు. రెండోది రాత్రి, దోమల చుట్ట మంచం కింద వెలిగించినప్పుడు. భోగేశ్వరస్వామి గుడికి దుమ్ములో నడిచి వెళ్లిన గంట అడుగున ఉంది. ఒక హెచ్చరిక చెప్పాలి. కాంతి చెదరడాన్ని బట్టి లెక్క కట్టే ఇలాంటి చవక సెన్సర్లు పొగను బాగా పడతాయి, మన్నును తక్కువగా చూపిస్తాయి. కాబట్టి అంకెను నేను నమ్మను. తెల్లవారుజామున, రాత్రి లేచిన ఆ రెండు శిఖరాలను నమ్ముతాను.

మన్ను మంచిదని కాదు. రహదారి పక్కన అంగడి పెట్టుకున్న మరో తాతకు ముక్కు, గొంతు, కళ్లు ఏడాది పొడుగునా మంటే. కానీ కంటికి కనపడే మన్ను చాలావరకు ముక్కులో, గొంతులోనే చిక్కి, దగ్గుతో బయటికి వస్తుంది. పొగలోని రేణువు రెండున్నర మైక్రాన్ల లోపుది, వెంట్రుక మందంలో సుమారు ముప్పయ్యో వంతు. అది గాలి తిత్తుల చివరిదాకా దిగుతుంది. దాని దెబ్బ రక్తనాళాలకూ తగులుతుంది. గుండెపోటుకూ పక్షవాతానికీ అదొక కారణం. వాడుక మాటలో ఊపిరి జబ్బు అంటాం గానీ, నేను ముందు భయపడేది గుండె గురించే.

బట్టల వ్యాపారం మా ఊరి బతుకు. కుట్టు మిషన్ల గదిలోనే నిద్రపోయే అవ్వ ఒకామె దగ్గుతో వచ్చింది. ఇంట్లో అందరూ నూలు దుమ్మునే తిట్టారు. ఆ గదికి ఒకటే కిటికీ, రాత్రి అది మూసి రెండు దోమల చుట్టలు వెలిగిస్తారు. ఒక చుట్ట కాలితే వెలువడే సన్న రేణువులు 75 నుంచి 137 సిగరెట్ల పొగతో సమానమని 2003లో ఒక పరిశోధన లెక్క కట్టింది. దోమతెర కట్టమన్నాను. "తెరలోకి ఫ్యాను గాలి రాదు నాయనా" అంది. నిజమే, మా వేసవిలో అది చిన్న మాట కాదు. చివరికి కిటికీకి జాలీ కొట్టించారు. దగ్గు పూర్తిగా పోలేదు, రాత్రి మాత్రం నిద్ర పడుతోంది.

పెద్దాయన ఇంట్లో అంత సులువుగా కాలేదు. నీళ్లకు గ్యాస్ వాడితే సిలిండర్ నెల తిరక్కముందే అయిపోతుందని కోడలు లెక్క చెప్పింది. ఆ లెక్క తప్పని నేను అనలేను. పొయ్యిని పెరడు చివరికి జరిపారు, ప్లాస్టిక్ మానేశారు, నీళ్లు కాచే పని కొడుకు తీసుకున్నాడు. మరి కొడుకు ఊపిరి సంగతి? అది నాకింకా తేలని ప్రశ్నే.

జాతీయ స్వచ్ఛ గాలి కార్యక్రమంలో అనంతపురం నగరం పేరు ఉంది. అక్కడ గాలిని కొలవడం అవసరమే. ఒంటి మీద సాధనాలు పెట్టి ఊరూరా కొలవడం మాత్రం ఇప్పట్లో అయ్యే పని కాదు. ముప్పై ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరి గురించీ ఆశా కార్యకర్త ఇంటికి వచ్చి నింపే పత్రంలో వంటకు ఏ ఇంధనం వాడతారనే ప్రశ్న ఇప్పటికే ఉంది. నీళ్లు దేనితో కాస్తారు, పెద్దవాళ్ల మంచం ఎక్కడ వేస్తారు అన్న రెండు ప్రశ్నలు దాని కింద చేర్చమని అధికారులను అడుగుతున్నాను. నా దగ్గరికి వచ్చేవాళ్ల చీటీ మీద ఆ రెండూ రాయడం నేను మొదలుపెట్టాను.