రెండో టైరే బీమా

సూరత్ జనం టమాటా బజ్జీల కోసం డుమస్ తీరానికి వెళతారు. తపతి నది ముఖద్వారానికి అవతల హజీరా. ఉక్కు కర్మాగారం, ఓడరేవు ఉన్న అక్కడ రోడ్లన్నీ లారీలవే. ఆ బరువును తట్టుకోవడానికి 2022లో స్లాగ్ అనే ఉక్కు వ్యర్థంతో కిలోమీటరు పొడవున ఆరు వరుసల రోడ్డు వేశారు.

బరువును రోడ్డు మీదికి దించేది టైరే. లారీ వెనక ఇరుసుకు అటూ ఇటూ జంట టైర్లుంటాయి. వాటి స్థానంలో ఒకే వెడల్పాటి టైరును మిషెలిన్ కంపెనీ 2000లో అమెరికాలో ప్రవేశపెట్టింది. బండి బరువు తగ్గుతుంది, డీజిలు ఆదా అవుతుంది. టైర్ల మధ్య రాళ్లు ఇరుక్కునే బెడదా ఉండదు.

యజమానికి లాభమే. చీరల బేళ్లతో సూరత్ నుంచి హైదరాబాద్ బయల్దేరే డ్రైవరు లెక్క వేరు. జంటలో ఒకటి పేలితే, రెండోదాని మీద మెల్లగా పంక్చర్ షాపు దాకా వెళ్లొచ్చు. ఒంటి టైరు పేలితే బండి అక్కడే ఆగిపోతుంది. ఆ సైజు టైరు దారిలో దొరకడమూ కష్టమే. పైగా నేలను తాకే చోటు తగ్గితే రోడ్డు మీద ఒత్తిడి పెరుగుతుంది.

నాలుగు టైర్ల ఇరుసు మోయదగ్గ బరువును కేంద్రం 2018లో 10.2 టన్నుల నుంచి 11.5 టన్నులకు పెంచింది. అయినా ఓవర్‌లోడు ఆగలేదు. అది ఆగి, దారి పొడవునా ఆ టైర్లు దొరికిన రోజున ఒంటి టైరే మేలు. అందాకా డ్రైవరుకు రెండో టైరే బీమా.