మైనస్ 30లో బొగ్గుబాయి లెక్క

మందమర్రి పోరగాళ్లకు చలి కొత్తేం కాదు. మా ఉమ్మడి ఆదిలాబాద్‌లో కొన్ని చలికాలాల్లో ఉష్ణోగ్రత 5 డిగ్రీల కిందికి పడిపోతుంది. మొదటి షిఫ్టుకు పోయేవాళ్లు టీ కొట్టు దగ్గర మంట కాగుతూ కనిపిస్తారు. అంటార్కిటికాలోని మన 'మైత్రి' కేంద్రంలో జనరేటర్ మెకానిక్‌గా ఏడాది ఉన్నాక తెలిసింది, ఇదంతా ఉత్త ట్రైలర్ అని!

ముందు ఉత్తరాఖండ్‌లోని ఔలీలో మంచు మీద ట్రైనింగ్. తర్వాత కేప్‌టౌన్ నుంచి విమానం. మైత్రిని 1989లో షిర్మాకర్ ఒయాసిస్ అనే రాతినేల మీద కట్టారు. చలికాలంలో అక్కడ ఉండేది అటూఇటుగా పాతిక మంది. దాదాపు రెండు నెలలు సూర్యుడే కనిపించడు. చలి మైనస్ 30 దాకా పోతుంది.

నిజానికి అది మనకు పాత చుట్టం ఊరే. మా బొగ్గు పుట్టిన కాలంలో, అంటే 25 కోట్ల ఏళ్లకు పైనే, మన నేలా అంటార్కిటికా ఒకే ఖండం. దాని పేరు గోండ్వానా. ఆ పేరు వచ్చింది గోండుల నేల నుంచే.

అక్కడ చలికంటే ముందు చెమటకు భయపడాలి. ఒంటి మీద మూడు పొరలుంటాయి. లోపలిది చెమటను బయటికి పంపుతుంది, నడిమిది వేడిని పట్టి ఉంచుతుంది, పైది గాలిని ఆపుతుంది. కాటన్ బనియన్ అస్సలు వద్దు. తడిస్తే ఆరదు, ఒంట్లో వేడంతా లాగేస్తుంది. అందుకే బరువు పని మొదలుపెట్టే ముందే జిప్పు కాస్త దించుకోవాలి.

గాలి ఇంకో గండం. మైనస్ 20లో గంటకు 40 కిలోమీటర్ల గాలి వీస్తే ఒంటికి మైనస్ 34లా తగులుతుంది. ఉత్త చేత్తో ఇనుప పానా పట్టుకుంటే చర్మం అతుక్కుపోతుంది. ఫోన్ బయటికి తీస్తే చార్జింగ్ చూస్తుండగానే పడిపోతుంది. లోపలి జేబులో, ఒంటి వేడికి దాచుకోవాల్సిందే.

ఇవన్నీ ట్రైనింగ్‌లో చెప్తారు. మిగతాది నాకు ఇంట్లోనే తెలుసు. మా బాపు కేకే-5 గనిలో పనిచేసిండు. బాయి దిగే ముందు జేబుల్లో బీడీలు, అగ్గిపెట్టె ఉన్నాయేమోనని వెతుకుతారు. క్యాప్ ల్యాంపు రాసుకుని ఇస్తారు. షిఫ్టు అయ్యాక ఒక్క ల్యాంపు తిరిగి రాకున్నా, ఒక మనిషి ఇంకా కిందే ఉన్నట్టు లెక్క.

మైత్రిలోనూ అదే లెక్క. ఎటు పోతున్నదీ, ఎప్పుడొచ్చేదీ చెప్పి, వాకీటాకీతో జంటగా పోవాలి. ఎందుకంటే మొద్దుబారిన చెంప మీద తెల్లమచ్చ లేస్తే మనకు తెలియదు, పక్కవాడే చూసి చెప్పాలి. లోపల అగ్గి భయం. కేంద్రం కాలితే కొన్ని కిలోమీటర్ల అవతలున్న రష్యా కేంద్రం తప్ప పక్కిల్లు లేదు.

సూర్యుడు లేని రోజుల్లో మా తోటి మనిషి ఒకరు మాట తగ్గించాడు. వరసగా రెండు పూటలు భోజనానికి రాలేదు. "ఒంటరిగా వదిలేస్తే మంచిదేమో" అనుకున్నారు కొందరు. ఆ రాత్రి బాపుకు ఫోన్ చేసి చెప్పాను.

"పైలం బిడ్డా. ఒక్కడు పైకి రాకున్నా మనం ఇంటికి పోం" అన్నాడు.

ప్లేట్లో అన్నం పెట్టుకుని పోయి తలుపు కొట్టాను. చాలాసేపటికి తీశాడు. పెద్దగా ఏం మాట్లాడుకోలేదు, పక్కన కూర్చున్నానంతే. మర్నాటి నుంచి ఎవరో ఒకరం పోయి పిలుచుకొచ్చేవాళ్లం. సూర్యుడు మళ్లీ కనిపించిన రోజు అందరం బయట నిలబడ్డాం. అలవాటుగా లెక్కపెట్టాను. ఒక్కరూ తగ్గలేదు.