పింఛన్ల పూట

జగిత్యాల వైపు ఒక పల్లెలో నేను బ్రాంచ్ పోస్ట్‌మాస్టర్‌ని. ఉత్తరాలు ఎప్పుడో పలచబడ్డాయి. ఇప్పుడు మా దగ్గర జనం కనబడేది పింఛన్లు పంచే రోజుల్లోనే. 2014లో ఆసరా పథకం మొదలైనప్పుడు వృద్ధులకు నెలకు వెయ్యి రూపాయలు. 2019 నుంచి 2,016 అయింది. బీడీ కార్మికులకూ అంతే.

పైసలు వచ్చాయని తెలిస్తే చాలు, నేను తాళం తీయకముందే అరుగు నిండిపోతుంది. ఒక్కొక్కరి పని నిమిషాల్లో అయిపోతుంది. అయినా మధ్యాహ్నం దాకా ఎవరూ కదలరు. సున్నం డబ్బీ చేతులు మారుతుంటుంది. ఎవరి మనవరాలికి సంబంధం కుదిరింది, ఎవరి కంటి ఆపరేషన్ ఎక్కడ అయింది, దుబాయ్ కొడుకు ఎప్పుడు వస్తున్నాడు, అన్నీ అక్కడే తెలుస్తాయి. బీడీలు చుట్టీ చుట్టీ అరిగిన వేళ్లను వేలిముద్రల మిషన్ ఒక్కోసారి గుర్తుపట్టదు. "కొంగుకు తుడ్సి మల్ల పెట్టు వదినా" అని వెనకనుంచి సలహా వస్తుంది. నవ్వులు మొదలవుతాయి.

హాజరు చూసుకోవడంలో నా యంత్రం కన్నా వాళ్లే నయం. "సారూ, మూలింటవ్వ ఏది? నిన్నటి సంది వాకిలి ఊకలే" అని ఒకామె అడిగింది. ఇద్దరు లేచి వెళ్లి చూస్తే అవ్వ జ్వరంతో మంచం మీద ఉంది. పక్కింటావిడ గంజి కాచింది, ఆశా కార్యకర్తకు కబురు వెళ్లింది. హైదరాబాద్‌లో ఉన్న కొడుక్కి విషయం తెలిసింది ఆ తర్వాతే.

ఆంధ్రలో ఒకటో తారీఖున సచివాలయ సిబ్బంది ఇంటికే వచ్చి పింఛను ఇస్తున్నారు. మంచాన పడ్డవాళ్లకు అది గొప్ప మేలు. అలాంటివాళ్ల ఇళ్లకు నేనూ మిషన్ పట్టుకుని వెళ్తాను. కానీ నడవగలిగినవాళ్లను కూడా ఇళ్లలోనే ఉంచి, పైసలు ఖాతాలో వేస్తే సరిపోతుందనే వాదన నాకు మింగుడుపడదు. ఎండలో నిలబెట్టడం తప్పే. దానికి మందు నీడ కల్పించడం. నలుగురు కలిసే ఒక్క పూటనూ తీసేస్తే, ఒంటరిగా ఉండే ముసలివాళ్ల మంచిచెడ్డలు అడిగేవాళ్లు ఎవరు?

పంచాయతీలు పోస్టాఫీసు ముందు ఒక షెడ్డు, నాలుగు బల్లలు, తాగే నీళ్లు, మరుగుదొడ్డి ఏర్పాటు చేయాలి. దూరాన ఉన్న పిల్లలకు నాదొక మనవి: అమ్మ పక్కింటివాళ్ల ఫోన్ నంబరు మీ దగ్గర ఉంచుకోండి. "పైసలొచ్చినయా?" అని అడిగాక, "ఇయ్యాల ఎవరెవరు కలిసిన్రు?" అని కూడా అడగండి.